ధ్యానంలో ఊహ గురించి ఒక శిల్పి మాట

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ ఆధ్యాత్మికం పేజీలో ధ్యానం మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాణ్ణి. మా నాన్నదీ, మా తాతదీ ఇదే పని. పెద్ద చదువులు చదవలేదు. కానీ దేవుడి రంగు, చేతులు, ఆయుధాలు ఎలా ఉండాలో చెప్పే ధ్యాన శ్లోకాల మీదే మా తిండి నడుస్తోంది కాబట్టి ఈ సంగతిలో నేనూ ఒక మాట చెప్పొచ్చు అనుకుంటున్నాను. ఉత్తరం పొడుగైతే ఎక్కడైనా కత్తిరించుకోండి. మా వదిన విషయం మాత్రం తీసెయ్యకండి.

వ్యాసకర్త గారు ముఖ్యంగా రెండు మాటలు చెప్పారు. ధ్యానంలో రూపాలు ఊహించుకోవడం మనసు ఆడే ఆట, అది మోసం చేస్తుంది, వదిలెయ్యండి అన్నారు. మనసు నెమ్మదించాక లోపలి నుంచి ఒక సూచన వస్తుంది, దాన్ని అనుమానించకుండా పాటించండి అని కూడా అన్నారు. నాకు తెలిసింది సరిగ్గా దీనికి అటుది ఇటు. ఊహ మీద అంత అనుమానం అక్కర్లేదు. నిలబెట్టి అడగాల్సింది ఆ సూచననే.

సత్యనారాయణ వ్రతమో, గృహప్రవేశమో ఏదైనా చూడండి. ముందు తమలపాకు మీద పసుపు గణపతిని పెడతారు. దానికి తొండం లేదు, బొజ్జ లేదు, చెవులు లేవు. తడిపిన పసుపు ముద్ద, పైన ఒక కుంకుమ బొట్టు. పురోహితుడు ముందు ‘ధ్యాయామి’ అంటాడు, ఆ తర్వాతే ‘ఆవాహయామి’. నగ లేకపోతే ఆభరణానికి బదులు నాలుగు అక్షింతలు వెయ్యమంటాడు. వేస్తాం. ఆ గదిలో కూర్చున్న చిన్నపిల్లకు కూడా అది అబద్ధమనిపించదు. ఆ ముద్దకు తొండం నేను చెక్కలేదు. చేతులు జోడించి కూర్చున్నవాళ్లే తలా కొంచెం చెక్కారు. శంకరాచార్యుల పేరున ఉన్న శివమానస పూజలో రత్నాల ఆసనం దగ్గర్నుంచి దీపం దాకా అన్నీ మనసులోవే. ‘హృదయంలో కల్పించినవి, స్వీకరించు స్వామీ’ అని అడగడానికి ఆ భక్తుడు ఏమీ మొహమాటపడలేదు. ఊహ మోసమైతే మన పూజంతా మొదటి మెట్టులోనే ఆగిపోవాలి.

మా షెడ్డుకు వచ్చే ఆడవాళ్లను నేనొక ప్రశ్న అడుగుతుంటాను. ప్రతి శుక్రవారం లలితా సహస్రనామం చదువుతారు కదమ్మా, అమ్మవారికి ఎన్ని చేతులు అని. నాలుగు అని టక్కున చెప్తారు. నిజమే, ‘అరుణాం కరుణాతరంగితాక్షీం’ శ్లోకంలో పాశం, అంకుశం, పూలబాణాలు, విల్లు, నాలుగు చేతులు. కానీ దానితోపాటే చదివే ‘సిందూరారుణ విగ్రహాం’లో ఉన్నవి రెండే. ఒక చేత రత్నాల పాత్ర, ఒక చేత ఎర్ర కలువ. ‘ధ్యాయేత్ పద్మాసనస్థాం’ దగ్గరికి వచ్చేసరికి ఎరుపు కూడా పోయింది. బంగారు ఒళ్లు, పసుపుపచ్చని పట్టుబట్ట, చేతిలో బంగారు తామర. రోజూ చదువుతూ కూడా ఈ తేడా చాలామంది గమనించరు. చెప్పగానే ఒకావిడ కంగారుపడి, ఇంతకీ ఏది నిజం ఆచారి గారూ అంది.

ఎవరో చూసొచ్చి రాసిన సమాచారమైతే ఒకటి నిజమై మిగతావి తప్పు కావాలి. మన పెద్దలు మూడింటినీ పక్కపక్కనే పెట్టి, వరసగా చదువుకోమన్నారు. అంటే అవి వార్తలు కావు, మనసుకు అప్పజెప్పిన పని. ఈ రంగు, ఈ చేతులు, ఈ చూపు, ఇక్కడ కూర్చో, జారిపోకు అని చెప్పడం. మాకు దగ్గర్లో ఉన్న అహోబిలంలో ఒకే నరసింహుడికి తొమ్మిది రూపాలున్నాయి. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీలుస్తుంటాడు. యోగానంద నరసింహుడు మోకాళ్లకు యోగపట్టం అనే పట్టీ బిగించి నెమ్మదిగా కూర్చుంటాడు. కారంజ నరసింహుడు విల్లు పట్టుకుంటాడు. ఏ స్వామి దగ్గరికి పోతే ఆ స్వామి ధ్యానమే. ఒకరి ముఖం ఇంకొకరికి పెట్టాలని మాకు తోచదు.

ఊహ అంటే పగ్గాలు వదిలెయ్యడం అనుకునేవాళ్లకు మా లెక్కలు తెలియవు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా ముఖం ఒక తాళం. దాన్ని 12 అంగుళాలు చేస్తాం. టేపు మీది అంగుళం కాదిది, ఆ విగ్రహం సొంత అంగుళం. విష్ణువుకు, శివుడికి ఉత్తమ దశతాళం, 124 అంగుళాలు. అమ్మవారికి మధ్యమ దశతాళం, 120. వినాయకుడు పంచతాళం, అందుకే బాలుడిలా బొద్దుగా ఉంటాడు. ఈ కొలతలు రాతి మీద గీసే ముందు శ్లోకాన్ని మనసులో పాదాల నుంచి కిరీటం దాకా నడిపిస్తాం. నడిపేటప్పుడు ఎక్కడ మనసు పక్కకు పోయిందో విగ్రహంలో ఆ చోటు చప్పగా వస్తుంది. బయటివాళ్లకు తెలియకపోవచ్చు, సాటి పనివాడు చూస్తే పట్టేస్తాడు. కాళిదాసు కూడా పట్టేశాడు. మాళవికాగ్నిమిత్రం నాటకంలో రాజు ముందు మాళవిక బొమ్మ చూస్తాడు, తర్వాత మనిషిని చూస్తాడు. మనిషే బాగుంది. బొమ్మ వేసినవాడి సమాధి, అంటే మనసు నిలకడ, సడలింది అంటాడు. చెయ్యి తిరగలేదనడు, కుంచె బాగాలేదనడు. శుక్రనీతి అనే పాత గ్రంథం ఇంకా గట్టిగా చెప్తుంది. ప్రతిమ లక్షణాలు ఉన్నదే ధ్యానయోగం కుదరడానికి, శిల్పి ధ్యానంలో మునిగి చెయ్యాలి, కళ్లెదుట చూసి చేసినా దానికి సాటి రాదు అని.

ఇక దర్శనాల సంగతి. కలలో కనిపించిన దేవుణ్ణి చెక్కమని మా దగ్గరికి చాలామంది వస్తారు. ఈమధ్య ఫోన్లో కంప్యూటర్ తయారు చేసిన రాముడి బొమ్మ పట్టుకుని కూడా వస్తున్నారు. కండలు తిరిగిన ఒళ్లు, సినిమా హీరో గడ్డం. వాళ్లను పంపించడం తేలికే. కలలు కన్నవాళ్లను అలా పంపించలేను, చెప్పేటప్పుడు వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. ఒకాయన వేంకటేశ్వర స్వామి విగ్రహం కావాలన్నాడు. కలలో స్వామి కుడిచెయ్యి పైకెత్తి అభయమిచ్చాడట, అలాగే ఉండాలన్నాడు. తిరుమలలో స్వామి కింది కుడిచెయ్యి పాదాలు చూపిస్తూ వరద హస్తంగా, అంటే వరమిచ్చే చెయ్యిగా ఉంటుంది, ఎడమచెయ్యి నడుం దగ్గర ఉంటుంది. ఆయనకు సుద్దముక్క ఇచ్చి, మీరు చూసింది ఈ రాతిమీద గియ్యండి అన్నాను. పాదాలు గీశాడు, నామం గీశాడు, చేతుల దగ్గర ఆగిపోయాడు. ఎంత ఆలోచించినా శంఖం ఏ వైపో గుర్తు రాలేదు. కల అబద్ధమని నేననలేదు. ఆ కన్నీళ్లు నిజమైనవి, ఆ కలలో ఆయనకు అందింది ధైర్యం. చేతులు ఏ కాలెండర్ బొమ్మలోంచి వచ్చాయో ఎవరికి తెలుసు. ధ్యాన శ్లోకం చదివి వినిపించాక వరద హస్తానికే ఒప్పుకున్నాడు.

దీనికి ఎదురు సమస్య ఉన్నవాళ్లు కూడా ఉంటారు. మా దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాడు, కళ్లు మూస్తే నాకు చీకటి తప్ప ఏమీ కనపడదు మామా, నేను ఈ పనికి పనికిరానేమో అని బాధపడేవాడు. డాక్టరు చదువుతున్న మా మేనకోడలు చెప్పింది, కొంతమంది పుట్టుకతోనే అంత, మనసులో బొమ్మ రాదు, 2015లో ఆడమ్ జీమన్ అనే బ్రిటన్ న్యూరాలజిస్టు దానికి ‘అఫాంటేసియా’ అని పేరు పెట్టాడు అని. ఆ కుర్రాడు ఇప్పుడు మాలో అందరికంటే బాగా ఆంజనేయుణ్ణి చెక్కుతాడు. బొమ్మ కనపడదు గానీ శ్లోకంలో మాట మాటా, కొలతా వాడి చేతుల్లో ఉంటాయి. ‘నుదుటి మధ్య తెల్లని కాంతిని చూడండి’ అంటే ఏమీ కనపడక కుమిలిపోయే పాఠకులు మీకూ ఉంటారు. వాళ్లకు ఎవరూ ఈ మాట చెప్పరు. ఊహించడమంటే లోపల సినిమా ఆడాలని లేదు. ‘ఇదుగో, ఇక్కడ ఉన్నాడు’ అని మనసు ఒప్పుకుని నిలబడితే చాలు.

ఊహ మనం చేసే పని, సరే. మనం చెయ్యకుండా వచ్చేది వేరే ఉంది, ఒప్పుకుంటాను. దానికి తెలుగులో పోతన కంటే పెద్ద సాక్షి నాకు తెలియదు. భాగవతం మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. పున్నమి రాత్రి, చంద్రగ్రహణం. గంగలో మునిగి, ఇసుక తిన్నె మీద కూర్చుని, కళ్లు కొద్దిగా తెరిచి మహేశ్వరుణ్ణి ధ్యానం చేస్తున్నాడు. ఎదురుగా కనిపించింది మెరుపు పక్కన మేఘంలాగా, పక్కన ఇల్లాలితో ఉన్న రాజు. నేను రామభద్రుణ్ణి, నా పేరు మీద భాగవతం తెనిగించు అని చెప్పి మాయమయ్యాడు. ధ్యానం చేసింది శివుణ్ణి, వచ్చింది రాముడు! మనసు కల్పించుకున్నదే అయితే శివుడే రావాలి కదా. పోతన ఎంచుకున్న రూపం ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది, అంతవరకే దాని పని.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాత పోతన చేసిన పని. సాక్షాత్తూ రాముడే చెప్పాడు కదా, ఇక నా నోటికి వచ్చిందే భాగవతం అనొచ్చు. అనలేదు. భాగవతాన్ని తెలిసి పలకడం శివుడికీ బ్రహ్మకూ కూడా కష్టమే, పండితుల వల్ల విన్నంత, చూసినంత, తెలియవచ్చినంత తేటపరుస్తాను అన్నాడు. పలికించేవాడు రామభద్రుడట అన్న మనిషే ఈ మాటా అన్నాడు. వ్యాసుడి మూలాన్ని ముందు పెట్టుకుని తెనిగించాడు. దర్శనం అయినవాడు కూడా పెద్దలను అడగడం మానలేదు. మీ వ్యాసంలో నాకు కనపడనిది ఇదే.

మా పనిలో కూడా స్ఫురణ ఉంది. క్వారీలో రాయి ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటాం. గంటలా మోగితే మంచిది. కొన్ని రాళ్లు బాగానే మోగుతాయి, చూడ్డానికి మచ్చ లేదు, అయినా ఇది వద్దు అని లోపల ఏదో అంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఏళ్ల తరబడి విన్న చెవి ఏదో పట్టుకుంటుందనుకుంటాను, నోటికి ఇంకా అందదు. అలా అనిపించగానే రాయి మొత్తం నీళ్లు పోసి ఆరనిస్తాం. లోపల పగులు ఉంటే పైన సన్నగీత ఒకటి చివరిదాకా తడిగా నిలుస్తుంది. చాలాసార్లు గీత కనిపిస్తుంది. కొన్నిసార్లు ఏమీ ఉండదు, ఆ రోజు నా మనసు బాగాలేదంతే, రాయి బంగారంలాంటిది. నీళ్లు పొయ్యకుండా నా లోపలి మాట మీదే నడిస్తే ఎన్ని మంచి రాళ్లు వదిలేసేవాణ్ణో. ధ్యానంలో వచ్చే సూచన మీద కూడా నీళ్లు పోసి చూడమనే నేను చెప్పేది.

పతంజలి యోగసూత్రాలను మా మేనమామ దగ్గర అర్థంతో సహా చదువుకున్నాను. సమాధిపాదంలో ‘యథాభిమతధ్యానాద్వా’ అన్నాడు, నీకు నచ్చినదాన్ని ధ్యానించినా మనసు నిలబడుతుందని. ఊహకు ఇంతకంటే పెద్ద అనుమతి ఏం కావాలి? వికల్పం, అంటే లేనిదాన్ని ఊహించుకోవడం కూడా చిత్తవృత్తే, అంటే ఆపాల్సిన మనసు కదలికే అన్నాడు కదా అని వ్యాసకర్త గారు అడగొచ్చు. అవును, ప్రమాణాన్ని, అంటే సరిగ్గా తెలుసుకోవడాన్ని కూడా ఆ లిస్టులోనే పెట్టాడు. మరి విభూతిపాదం చూడండి. ప్రాతిభం, అంటే లోపల తటాలున తెలియడం, దివ్యంగా వినపడటం, కనపడటం, ఇవన్నీ వస్తాయని చెప్పి, వెంటనే వచ్చే సూత్రంలో ఇవి సమాధికి అడ్డంకులు అనేశాడు. ధ్యానానికి అంతరాయాలు తొమ్మిది చెప్పిన చోట భ్రాంతిదర్శనం, అంటే ఉన్నదాన్ని తప్పుగా చూడటం కూడా ఉంది. అంత పెద్దాయన లోపలి సూచన దగ్గరే జాగ్రత్త అంటుంటే మనం అనుమానించకుండా పాటించండి అని పేపర్లో వేస్తున్నాం.

మా వదిన సంగతి చెప్తాను. ఆమెకు చాలాకాలంగా షుగర్. ఫోన్లో ఒక ధ్యానం క్లాసులో చేరింది. మేలే జరిగింది, కాదనను. నిద్ర పట్టింది, మా అన్న మీద అరవడం తగ్గింది. కొన్నాళ్లకు ధ్యానంలో ‘నీకిక సూదులు అక్కర్లేదు’ అని స్పష్టంగా వినిపించిందట. క్లాసు చెప్పే ఆయన్ని అడిగితే, లోపలి గురువు చెప్పాక బయటివాళ్లను ఎందుకమ్మా అడగడం అన్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇన్సులిన్ ఆపేసింది. కాలికి పుండు పడింది, మానలేదు, చివరికి ఆసుపత్రిలో వేలు తీసేశారు. చూడ్డానికి పోయినప్పుడు తిట్టాలనే పోయాను, ఆమె ముఖం చూసి నోరు రాలేదు. వదినా, ఆ మాట ఎవరి గొంతులా వినపడింది అని మాత్రం అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘నాయనా, రోజూ సూది వేసుకునేటప్పుడు నేను అనుకునే మాటే అది’ అంది.

ధ్యానం తప్పని నేను ఇప్పటికీ అనను. ఆమె కూడా మానలేదు, రోజూ కూర్చుంటోంది. ఆ మాట వినపడ్డ రోజు షుగర్ మిషన్ మీద ఒక చుక్క రక్తం పెట్టి చూసుకుని ఉంటే దేవుడికేమీ కోపం వచ్చేది కాదు.

రూపాలే వద్దనే దారులున్నాయి, అవీ గొప్పవే. మా అల్లుడు హైదరాబాదులో గోయెంకా గారి విపశ్యన పది రోజులు చేసొచ్చాడు. అక్కడ మంత్రం వద్దు, ఏ రూపమూ ఊహించొద్దు, వచ్చే శ్వాసను వచ్చినట్టు చూడు అంటారట. ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది. అక్కడ కూడా లోపలి నుంచి వచ్చే మాటలను పాటించమనరు, అవీ వచ్చిపోయేవే అని చూడమంటారు, అది ఇంకా నచ్చింది. అలాగని బౌద్ధమంతా రూపం వద్దందని కాదు. నాగార్జునసాగర్‌లో బుద్ధ విగ్రహం పని మీద ఉన్నప్పుడు ఒక భిక్షువు విశుద్ధిమగ్గం అనే బౌద్ధ గ్రంథం గురించి చెప్పాడు. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసింది. పొద్దుపొడుపు రంగు మట్టితో జానెడు నాలుగు వేళ్ల బిళ్ల చేసి, నున్నగా మెత్తి, ఎదురుగా కూర్చుని, కళ్లు మూసినా కనపడేదాకా చూడాలట. మొదట మనసులో వచ్చే బిళ్లకు మట్టి మీది లోపాలన్నీ ఉంటాయట. ఇంకా నిలిస్తే ఆ లోపాలేవీ లేకుండా, సంచిలోంచి తీసిన అద్దంలా మరొకటి వస్తుందట. నేనైతే పని ఆపి విన్నాను. చేత్తో చేసిన దాన్నుంచి చెయ్యి చెయ్యలేని దాని దాకా వాళ్లు దారి రాసి పెట్టుకున్నారు.

రామకృష్ణ పరమహంస కథ మాత్రం నాకు చాలా ఏళ్లు మింగుడు పడలేదు. తోతాపురి అనే అద్వైత సన్యాసి నిరాకార ధ్యానం నేర్పుతుంటే ఎంతకీ కాళికమ్మ రూపం దాటలేకపోయాడు. చివరికి వివేకాన్ని కత్తిగా భావించి ఆ రూపాన్ని రెండుగా నరికాడు. విగ్రహాలు చెక్కేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. తర్వాత తట్టింది, ఆ కత్తి కూడా ఊహించుకున్నదే కదా అని. ఊహను వదలడానికి కూడా ఆ మహానుభావుడికి ఊహే పనికొచ్చింది.

మీకు రెండు మనవులు. ధ్యానం గురించి ఏది వేసినా కింద, డాక్టరు రాసిన మందులు సొంతంగా మానవద్దు అని ఒక లైను వెయ్యండి. వారం వారం ఒక ధ్యాన శ్లోకం, దాని అర్థం, ఏ చేతిలో ఏముందో సహా వెయ్యండి. లలితమ్మ శ్లోకాలతో మొదలుపెడితే శుక్రవారాలకు పనికొస్తుంది. వ్యాసకర్త గారికి నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి. అహోబిలం పోయే దారిలో మా ఊరు తగులుతుంది. వస్తే టీ ఇప్పిస్తాను, వాదన ఎంతసేపైనా చెయ్యొచ్చు. దక్షిణామూర్తి విగ్రహం ఒకటి వచ్చే నెలకు అప్పజెప్పాలి, కాబట్టి నేను ఉలి పక్కన పెట్టకుండానే వింటాను.

భవదీయుడు,
ఒక శిల్పి,
ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా